అర్థవాదము – అంగడిమాట

నిన్నటి సభలో విధివాక్యమును, అర్థవాదవాక్యమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఇట్లు చేయుమని ఆజ్ఞాపించునది విధి. ఆ కర్మయందు వినువారికి రుచి పుట్టునట్లు స్తుతించునది అర్థవాదము. వాయువు మిక్కిలి వేగము గల దేవత యని వేదము చెప్పినచో అది వేగమును కొలిచి చెప్పుట కాదు, ఆ దేవతకు సంబంధించిన కర్మయందు మనలను పురికొల్పుట యని మీమాంసకుల నిర్ణయము. సభ ముగిసిన పిమ్మట ఒక యువకుడు, “లోకములో దీనికి ఉదాహరణ ఉన్నదా శాస్త్రిగారూ?” అని అడిగెను. ఉన్నది. నాకు అది అమెరికాలో కనబడినది.

కొన్నేండ్ల క్రిందట వేదపారాయణమునకై అచ్చటికి వెళ్లి ఒక గృహస్థుని ఇంట బస చేసితిని. అతని తండ్రిగారు నా యీడువారు. కొడుకు, కోడలు ఉద్యోగములకును, పిల్లలు బడికిని పోయిన పిదప ఆయనకు తోడు టెలివిజనొక్కటే. ఆ దేశమున పగలు రాత్రి వస్తువులమ్ముటకే ప్రత్యేకముగా చానెళ్లు గలవు. ఆనాడు నాణెములమ్ముచుండిరి. నా ఇంగ్లీషు అంతంతమాత్రము గనుక ఆయనయే అర్థము చెప్పుచుండిరి.

అమ్మువాని చేతిలోనిది ‘సిల్వర్ ఈగిల్’ అను వెండి నాణెము. 1986 నుండి అమెరికా ప్రభుత్వము దీనిని ఏటేట లక్షలకొలది ముద్రించుచున్నది. అందున్న వెండి రమారమి 31.1 గ్రాములు, దానిపై వ్రాసిన విలువ ఒక్క డాలరు. నాణెము స్థితిని 1 మొదలు 70 వరకు అంకెలతో నిర్ణయించు సంస్థలు అచ్చట గలవు. టంకశాల నుండి తిన్నగా డబ్బీలోనికి చేరిన కొత్త నాణెమునకు 69 గాని 70 గాని వచ్చుట అబ్బురము కాదు. అయినను అతడు ఆ 70ని చూపి సాక్షాత్తు కౌస్తుభమణి దొరికినట్లు పరవశించెను! తెరపై ఒక మూల గడియారము వెనుకకు నడచుచున్నది. మరియొక మూల మిగిలిన నాణెముల లెక్క తరుగుచున్నది. నడుమ ఎవరో వృద్ధురాలు టెలిఫోనులో పలుకగా అతడు ఆమెను పేరు పెట్టి పిలిచి, మనుమల క్షేమమడిగెను.

నేను శ్రద్ధగా వింటిని. అతడాడిన అబద్ధము నాకొక్కటియు దొరకలేదు. వెండి నిజము, ప్రభుత్వముద్ర నిజము. “ఈ వెలకు మరల చూపము” అన్నాడే గాని “దీని వెల పెరుగును” అని అనలేదు. “రేపు మీ మనుమలు, తాతా, ఎందుకు కొనలేదని అడుగరా?” అన్నాడు. ఇది నిందార్థవాదము. ఇంత స్తుతికిని నిందకును అడుగున ఉన్న విధి యొక్కటే: వెంటనే టెలిఫోను చేయుము.

రూప్య శబ్దమునకు పాణిని మహర్షి ఒకే సూత్రమున రెండర్థములు చెప్పినాడు. ముద్ర కొట్టబడినది ఒకటి. ప్రశంసింపదగిన రూపము గలది రెండవది. మొదటిదానిని త్రాసు తూచును. రెండవదాని వెల పొగడువాని నోటిలో ఉన్నది.

ఆయన బీరువా తెరచి చూపిరి. నిండుగా డబ్బీలే! 1999 నుండి 2008 వరకు అచ్చట ఏబది రాష్ట్రముల పేర పావు డాలరు నాణెములు, అన్నియు కలిపి 3,400 కోట్లకు పైగా, ముద్రించిరి. వానికే బంగారు పూత పూసియు, రంగులద్దియు టెలివిజనులో అమ్మిరట. మనుమడు వానిని నాణెముల దుకాణమునకు కొనిపోగా, వెండివానికి వెండి ధర చెప్పిరి. పూత పూసినవి చెడిపోయిన నాణెములతో సమానమనిరి. నేను విచారము వెలిబుచ్చితిని. ఆయన మెల్లగా, “వాడు నన్ను మోసం చేయలేదండీ. పగలంతా నాతో మాట్లాడింది వాడొక్కడే” అనిరి. నాకు మాట తోచలేదు.

మన దేశమున ఈ కథ తలక్రిందైనది. ఇచ్చట నాణెము మనదే, కొందుమనువాడు వేరు. 2012లో వైష్ణోదేవి రూపుతో అయిదు రూపాయల, పది రూపాయల నాణెములు వెలువడినవి. అట్టివానికి లక్షలిత్తుమని చెప్పి, ముందుగా రుసుము పంపుమందురు. తామట్టి బేరములు చేయమనియు, కమీషను గాని రుసుము గాని అడుగమనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించినది. అమ్మవారి రూపు పూజామందిరమున ఉండవచ్చును. రుసుము మాత్రము పంపవద్దు.

మా వంటి వారిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. మేమును ఫలశ్రుతి చదివి మీచేత వ్రతములు చేయింతుము. వేదార్థవాదము ఏ కర్మను పొగడినను దాని ఫలము కర్త కొరకే. చదివిన నోటి కొరకు కాదు. మేము చెప్పిన ఫలశ్రుతి చివరకు మా పళ్లెము వద్దనే ఆగినచో, ఆ టెలివిజనువానికిని మాకును భేదమేమి? అడుగుటకు మీరు సంకోచింపవద్దు.

ఆ పెద్దాయన చిన్ననాట పురుషసూక్తము నేర్చి మరచినారు. నేనున్న పది దినములు మధ్యాహ్నములందు ఇరువురము కలిసి వల్లించితిమి. ఇప్పుడు తమ సాయంకాలమున, అనగా మన తెల్లవారుజామున, టెలిఫోను చేసి స్వరము సరిచూపించుకొనుచుందురు. ఒక్కొక్కప్పుడు నన్ను నిద్ర లేపుదురు కూడ.

గుణవాదము, అనువాదము, భూతార్థవాదము అని అర్థవాదము మూడు విధములు. వానిని రేపు విచారించుకొందము. స్వస్తి.