జాఫ్నా వీధుల్లో మాటలు

1987 జూలై 29న కొలంబోలో భారత, శ్రీలంక ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరాక మన శాంతి పరిరక్షక దళం ఉత్తర శ్రీలంకలోని జాఫ్నాలో దిగింది. జనం పూలదండలు వేశారు. అక్టోబరులో తమిళ వేర్పాటువాద సాయుధ సంస్థ ఎల్టీటీఈతో పోరు మొదలవగానే వాళ్ల ఇళ్ల తలుపులే మూసుకున్నాయి. 1990 మార్చిలో దళం పూర్తిగా వెనక్కి వచ్చేసింది.

ఆ దళంలో ఉన్న మద్రాస్ రెజిమెంటు తెలుగువాళ్లం తోటి జవాన్ల దగ్గర తమిళం పట్టుకున్నాం. కానీ భుజాన తుపాకీ ఉన్నవాడు "ఎక్కడికమ్మా?" అంటే ఎవరికైనా అది విచారణగానే వినిపిస్తుంది. అలా అడిగితే ఆ ఊరి ఆడమనిషి సంచీ తెరిచి చూపేది, తల ఎత్తేది కాదు.

ఆ మౌనాన్ని శత్రుత్వమనడం అన్యాయం. పగలు మాతో మాట్లాడిన మనిషిని రాత్రి ఎల్టీటీఈ వాళ్లు నిలదీసేవారు. ద్రోహి అని ముద్ర పడితే ప్రాణమే పోయేది. మాట్లాడకపోతే మాకు అనుమానం. పైగా ఆ అక్టోబరులోనే జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు వైద్యులు, నర్సులు, రోగులు బలయ్యారు. ఆ ఊరివాళ్లు మమ్మల్ని నమ్మాలని ఏ ముఖంతో అడుగుతాం?

అయినా మాటలు సాగాయి. బియ్యం, మందులు, కర్ఫ్యూ సడలింపు, బడి ఎప్పుడు తెరుస్తారు, ఇవే. తుపాకీ పక్కకు తిప్పి, పెద్దాయన్ని "అయ్యా" అని పిలిచి, ముందు మన ఊరు చెప్పుకుంటే ఆయన కాస్త కుదుటపడేవాడు. కొడుకు ఎక్కడున్నాడని మాత్రం ఏ తల్లినీ ఊరికే అడగకూడదు. కొలంబో అన్నా, కెనడా అన్నా, తెలియదన్నా ఆమెకు భయమే.