చెరువు మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

నస్పూరు గ్రంథాలయపు పండుగనాడు చెరువును గూర్చి ప్రసంగమేమని మీలో కొందరు వింతపడవచ్చును. ఆ రెంటికిని గల చుట్టరికమును చూపుటకే నేనిచట నిలిచితిని.

లాటిను భాషలో సరస్సునకు ‘లాకుస్’ అని పేరు. ఇంగ్లీషువారి ‘లేక్’ అను మాటకు మూలమిదియే. అయితే రోమనులు దీనిని సరస్సుతోనే ఆపలేదు. ద్రాక్షరసము పట్టు తొట్టి లాకుస్. సున్నము నానవేయు గుంట లాకుస్. కమ్మరి ఎఱ్ఱగా కాలిన లోహమును ముంచు నీళ్లతొట్టియు లాకుస్సే. వీధులలో జనులు నీరు ముంచుకొను తొట్లకును అదియే పేరు. క్రీ. శ. 97లో రోము నగర జలాధికారిగా నియమింపబడిన ఫ్రాంటినస్ అట్టి తొట్లు 591 కలవని లెక్క వ్రాసి పెట్టెను.

మాట అంతటితోను ఆగలేదు. కంటికొనలో కన్నీరు నిలుచు చోటును వైద్యులు నేటికిని కన్నీటి లాకుస్ అనియే వ్యవహరింతురు. 1651లో రిచియోలి అను ఇటలీ పండితుడు చంద్రపటమున కొన్ని మచ్చలకు స్వప్న సరస్సు, మృత్యు సరస్సు అని పేరులిడెను. అచట నున్నది గడ్డకట్టిన లావాయే గాని చుక్క నీరు లేదు. శని ఉపగ్రహమైన టైటాను మీద ద్రవ మీథేను నిండిన మడుగులకును ఈ పేరే చెల్లినది. వానిలో నొకటి మన మణిపురపు లోక్‌తాక్ పేరు ధరించినది.

మనవారును తక్కువవారు కారు. చిన్నదానిని కుంట యనిరి, పెద్దదానిని చెరువనిరి, ఇంకను పెద్దదానిని సముద్రమే యనిరి. కేసముద్రము పేరట్టిదే. గనిలో ఊటనీరు చేరు గుంట మన కార్మికుల నోట ‘సంపు’. అంతయేల? మనము త్రవ్వు బొగ్గే కోట్ల యేండ్లనాడు చిత్తడి నేలలలో పడి మ్రగ్గిన వృక్షసంపద!

ఇక అసలు సంగతి. లాకుస్ అను మాటకు ‘లాకూనా’ అను బిడ్డ కలదు. చిన్న గుంట యని దాని మొదటి అర్థము. పిదప ఖాళీ, లోపము అను అర్థములు వచ్చినవి. పురుగు తినిన తాళపత్రమున అక్షరములు పోయిన చోటును ఐరోపా పండితులు లాకూనా యందురు. మన పరిష్కర్తలు దానినే గ్రంథపాత మందురు. టైటాను మీద ఎండిపోయిన సరస్సు పడియలకును ఆ పేరే పెట్టిరి. నీరున్న లాకుస్, నీరింకిన లాకూనా!

హైదరాబాదులోని మాసాబ్ ట్యాంకున నేడు చెరువు లేదు, పేరొక్కటే మిగిలినది. పాలంపేట రామప్ప చెరువు కాకతీయుల నాటినుండి నేటికిని పొలములు తడుపుచున్నది. తవ్వించినవాని కీర్తి మాత్రమే దానిని నిలుపలేదు. కట్ట చూచినవారు, తూము సవరించినవారు, పూడిక తీసినవారు నిలిపిరి. 2015లో మిషన్ కాకతీయ పేర తెలంగాణమున చెరువుల పూడికతీత ఆరంభమైనదియు ఈ యెఱుకతోనే.

గ్రంథాలయమును అట్టిదే. తీసికొని పోయి తిరిగి ఈయని ప్రతి పుస్తకము, చించిన ప్రతి పుట ఒక గ్రంథపాతము. ఇరువదియైదేండ్ల క్రిందట పెద్దలు కట్ట పోసిరి. నేడు పూడిక తీయవలసినవారము మనము. మీలో ఎవరి యింటి అటకమీదనైన మన ముద్ర గల పుస్తకమున్నచో రేపే తెచ్చి ఇచ్చినచో, ఈ ఉత్సవమునకు అంతకు మించిన కానుక లేదని మనవి చేసి, సెలవు తీసికొనుచున్నాను.