చౌక డీజిల్ హీటరు

కెనడా, బ్రిటన్ వంటి శీతలదేశములలో వ్యానులలో నిద్రించువారును, కారు షెడ్డులలో పనిచేయువారును చౌక డీజిల్ హీటర్లు కొనుచున్నారు. అచ్చట బంధువులున్న శ్రోతలకు ఉపకరించునని నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మొదట శక్తి. చిన్న వ్యానునకు 2 కిలోవాట్లది చాలును. షెడ్డునకు 5 కిలోవాట్లది మేలు. పెట్టెపై 8 అని అచ్చువేసినను, పలు చౌకరకములు నిజమునకు 5 కిలోవాట్లవే. పెద్దది కొని ఎల్లప్పుడు సన్నని మంటపై నడిపినచో లోపల మసి పేరుకొనును. నడుమనడుమ పూర్తి వేడిమిపై కొంతసేపు నడుపవలెను.

రాజుకొనునపుడు అది 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 10 ఆంపియర్లు లాగును. సన్నని తీగ పనికిరాదు. ఆర్పునపుడు మీట నొక్కి, లోపల చల్లబడి ఫ్యాను తానై ఆగువరకు వేచియుండవలెను. బ్యాటరీ తీగ పీకరాదు.

అన్నింటికంటె ముఖ్యము పొగగొట్టము. మంటకు గాలి బయటినుండియే రావలెను, పొగ బయటికే పోవలెను. గొట్టపు అతుకులన్నియు వెలుపలనే యుండవలెను. గొట్టము మిక్కిలి కాలును గనుక చెక్కకుగాని తీగలకుగాని తగులరాదు. పొగయందలి కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయగలదు. హీటరు వెలలో మిగిలిన సొమ్ముతో, ఆ వాయువును పసిగట్టి మ్రోగు పరికరమును కొనుడు. అది అమర్చనిదే మొదటి రాత్రియైనను హీటరు వెలిగింపకుడు.