ఊరు నడిచివచ్చిన బడి
(బాబా ఆమ్టే, సాధనాతాయి ఆమ్టేల స్మారకోపన్యాసం, చంద్రపూర్)



దిక్కులేని పిల్లవాడికి బడి ఏం చేయాలి? అన్నం పెట్టాలి, తలదాచుకునే చోటివ్వాలి, చదువు చెప్పాలి. ఈ మూడూ కావాలి. మన చంద్రపూర్ జిల్లా చరిత్ర నాలుగోది కూడా చూపించింది. నలుగురిలో తలెత్తుకు తిరిగే గౌరవం అది.

ఆ గౌరవం విలువ తెలియాలంటే ముందు గతాన్ని తలుచుకుందాం. నిరుపేద కుష్ఠురోగులను పట్టుకెళ్లి వేరుగా ఉంచే అధికారాన్ని 1898 నాటి చట్టం ప్రభుత్వానికిచ్చింది. అది రద్దయింది 2016లో! ఆ రోజుల్లో వాళ్లను చేరదీసినవి ఎక్కువగా మిషనరీ ఆసుపత్రులే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో నెలకొల్పిన ఆసుపత్రి అలాంటిదే. అయితే జబ్బు అంటుకుంటుందన్న భయంతో రోగుల బిడ్డలను చాలాచోట్ల తల్లిదండ్రులకు దూరంగా పెంచేవారు. అమ్మానాన్నలు బతికే ఉన్నారు, బిడ్డ మాత్రం అనాథ.

1940లలో సల్ఫోన్ మందులు వచ్చాయి. జబ్బు లొంగింది కానీ వెలి పోలేదు. హింగన్‌ఘాట్‌లో పుట్టి, వరోరాలో వకీలుగా ఉన్న మురళీధర్ దేవిదాస్ ఆమ్టే, అంటే మన బాబా ఆమ్టే, ఆ వెలి మీదే పోరాటానికి దిగారు. 1949లో కలకత్తా వెళ్లి కుష్ఠు చికిత్స నేర్చుకున్నారు. 1951లో ఆరుగురు రోగులతో, రాళ్లూ తుప్పలూ నిండిన నేలలో ఆనందవనం అనే ఆశ్రమం మొదలుపెట్టారు. భార్య సాధనాతాయి పిల్లలతో సహా ఆయన వెంట నడిచారు. దానం మనిషిని కుంగదీస్తుందనీ, పని నిలబెడుతుందనీ బాబా నమ్మకం. వేళ్లు పోయిన చేతులే అక్కడ బావులు తవ్వాయి, పంట పండించాయి, ఇళ్లు కట్టాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. 1964లో ఆనందవనంలో ఆనంద్ నికేతన్ కళాశాల వెలిసింది. ఒకప్పుడు ఊరు తరిమేసిన వాళ్లు శ్రమపడి కట్టిన కళాశాల అది. అందులో చదువుకోవడానికి వచ్చింది ఎవరు? వరోరా పట్టణం పిల్లలు, చుట్టుపక్కల రైతుల పిల్లలు. కుష్ఠురోగి బిడ్డను మీ బడిలో చేర్చుకోండని ఊరిని బతిమాలే కాలం అలా తిరగబడింది. 1966లో అంధుల బడి వచ్చింది, తర్వాత బధిరుల బడి కూడా. తల్లిదండ్రులు లేని పిల్లలకు అక్కడే ఇల్లు దొరికింది. ఆ పిల్లల చుట్టూ పనిచేసే పెద్దలున్నారు, వృద్ధులున్నారు, పొలాలున్నాయి. ప్రహరీ గోడల మధ్య వసతిగృహంలో కాక, నడుస్తున్న ఊళ్లో వాళ్లు పెరిగారు.

రెండో అధ్యాయం అడవిలో జరిగింది. 1973లో భామ్రాగడ్ దగ్గర హేమల్‌కసాలో లోక్ బిరాదరీ అనే సేవాకార్యం మొదలైంది. 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోయేదాకా ఆ అడవి కూడా మన చంద్రపూర్ జిల్లాదే. బాబా కుమారుడు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, ఆయన భార్య డాక్టర్ మందాకిని ముందు మాడియా గోండుల భాష నేర్చుకున్నారు. వైద్యంతో నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం మీదే 1976లో ఆశ్రమ పాఠశాల నిలిచింది. పిల్లవాడి భాషను వెనక్కి నెట్టే బడి వాణ్ని ఇంటికి పరాయివాణ్ని చేస్తుంది. ఇల్లున్న బిడ్డను కూడా అనాథను చేయగల తప్పు అది.

బిడ్డను ఇంటికి దూరం చేయకూడదన్నదే చట్టం మాట కూడా: 2015 నాటి బాలల న్యాయ చట్టం, వేరే దారి లేనప్పుడే పిల్లలను సంస్థల్లో ఉంచాలంటుంది. మేనమామో, అమ్మమ్మో సాకగలిగితే బిడ్డ అక్కడే ఉండాలి. బడి ఆ ఇంటికి అండగా నిలవాలి.

సభాసదులారా, మనం బొగ్గు గనుల కోసం, పేపర్ మిల్లు కోసం వలస వచ్చిన తెలుగువాళ్ల వారసులం. ఇంటి పెద్ద పోతే ఆ ఇంటి పిల్లలు ఏమవుతారో మనకు తెలుసు. అలాంటి పిల్లలకు మన పుట్టినరోజు నాడు స్వీట్లు పంచి వచ్చేస్తే సరిపోదు. మన పిల్లలను వాళ్ల పక్కన అదే బెంచీ మీద కూర్చోబెడదాం. వాళ్ల బడిని మన బడి చేసుకుందాం. బాబాకూ తాయికీ మనం చెల్లించాల్సిన నివాళి ఇదే.