మిషను కొనే ముందు బ్యాంకుకు వెళ్లండి – మాజీ సైనికులకు స్వయం ఉపాధి రుణాలు

(మాజీ సైనికుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 సమావేశానికి రాలేకపోయిన వారి కోసం ఈ మాటలను రాసి ఫోన్లకు పంపుతున్నాం. తీరిగ్గా చదవండి. ఇంట్లో వాళ్లకూ చదివి వినిపించండి. అప్పు మీ పేరు మీదే ఉన్నా, కట్టాల్సింది ఇల్లంతా కదా.

ముందు నా సంగతి చెప్పేస్తాను. ఈఎంఈలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా బయటికొచ్చాను. చేతిలో మోటార్ల పని ఉంది. మా చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలితే రైతు దాన్ని టౌనుకు మోసుకుపోవాల్సిందే. అందుకే రీవైండింగ్ షాపు పెడదామనుకున్నాను. కమ్యుటేషన్ డబ్బు అకౌంట్లో పడిన నెలలోనే మిషను, రాగి తీగ, టెస్టింగ్ సామాను కొనేశాను. రోడ్డు మీద షట్టరు అద్దెకు తీసుకుని బోర్డు కూడా పెట్టేశాను. సబ్సిడీ ఉందని ఆ తర్వాత ఎవరో చెబితే బ్యాంకుకు పరిగెత్తాను. "మీ యూనిట్ ఇప్పటికే నడుస్తోంది కదండీ, ఇది కొత్త యూనిట్లకే" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, రూలే అంత. నా పని మొత్తం విలువ ఆరు లక్షలు. పద్ధతి ప్రకారం వెళ్లి ఉంటే 2 లక్షల 10 వేలు సబ్సిడీ వచ్చేది. తొందరపడి పోగొట్టుకున్నాను.

ఆ పథకం పేరు ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం. అందరూ పీఎంఈజీపీ అంటారు. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2008 నుంచి నడుపుతోంది. ఇందులో మాజీ సైనికులు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. చాలామందికి ఈ ముక్కే తెలియదు. జనరల్ కేటగిరీ పురుషుడు పది శాతం సొంత డబ్బు పెట్టాలి, మనం ఐదు శాతం పెడితే చాలు. సబ్సిడీ ఆయనకు పట్టణంలో 15, గ్రామంలో 25 శాతం. మనకు పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. మహిళలు కూడా ఈ ప్రత్యేక కేటగిరీలోనే ఉన్నారు కాబట్టి వీరనారీమణులు తమ పేరు మీదే పెట్టుకోవచ్చు. అయితే భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. పై వయసు పరిమితి లేదు, ఆదాయ పరిమితీ లేదు. పెన్షన్ వస్తోందని ఎవరూ కాదనరు.

తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సర్వీసు యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు చూపించవచ్చు. తయారీలో పది లక్షలు, సర్వీసులో ఐదు లక్షలు దాటితే కనీసం ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. స్థలం కొన్న ఖర్చు ప్రాజెక్టులో కలపనివ్వరు. కిరాణా లాంటి కొని అమ్మే వ్యాపారానికి ఇందులో చోటు చాలా తక్కువ.

ఇక అందరూ పొరబడే చోటు ఒకటుంది. సబ్సిడీ మీ చేతికి రాదు. గ్రామంలో పది లక్షల సర్వీసు యూనిట్ అనుకోండి. మీరు 50 వేలు పెడతారు, బ్యాంకు తొమ్మిదిన్నర లక్షలు ఇస్తుంది. సబ్సిడీ మూడున్నర లక్షలు బ్యాంకులోనే మీ పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దాని మీద వడ్డీ రాదు, అప్పులో అంత భాగానికి మీ దగ్గర వడ్డీ తీసుకోరు కూడా. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే దాన్ని అప్పులో జమ చేస్తారు. మధ్యలో షట్టరు దించేస్తే సబ్సిడీ పోతుంది, అప్పు మిగులుతుంది. ఆ సొమ్ముతో అమ్మాయి పెళ్లి చేద్దామని లెక్క వేసుకున్న మిత్రుణ్ణి నేను చూశాను.

షాపు ఇప్పటికే పెట్టేసిన వాళ్లకు, కొట్టు పెట్టుకునే వాళ్లకు ముద్ర రుణం ఉంది. నేను చివరికి తీసుకున్నది అదే. శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద ఐదు లక్షల వరకు, తరుణ్ కింద పది లక్షల వరకు ఇస్తారు. తరుణ్ అప్పు సరిగ్గా తీర్చిన వాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా అవకాశం వచ్చింది. తాకట్టు అడగరు. సబ్సిడీ మాత్రం లేదు. తెచ్చింది మొత్తం వడ్డీతో కట్టాలి. పాత క్రెడిట్ కార్డు బకాయి, ఎవరికో పెట్టిన జామీను సంతకం, ఇవన్నీ సిబిల్‌లో కనిపిస్తాయి. ముందే చూసుకోండి.

కమ్యుటేషన్ గురించి ఒక మాట, కొంచెం కటువుగానే చెబుతాను. పెన్షన్‌లో సగం దాకా అమ్ముకుని తెచ్చుకున్న డబ్బు అది. తగ్గిన పెన్షన్ మళ్లీ నిండుగా రావాలంటే పదిహేనేళ్లు. ఆ డబ్బంతా షాపులో పోయకండి. మా పనిలో రైతు మోటారు పట్టుకెళ్లి పంట అమ్మాక డబ్బిస్తాడు, రాగి కొట్టువాడు మాత్రం ఆగడు. ఆ మధ్య నెలలు నడవడానికి చేతిలో కొంత ఉండాలి. పెన్షన్ మీద పర్సనల్ లోన్ తెచ్చి వ్యాపారంలో పెట్టడం నాకైతే నచ్చదు. షాపు నడిచినా నడవకపోయినా ఒకటో తారీఖు కల్లా కోత పడిపోతుంది.

"సార్, మేం శాంక్షన్ చేయిస్తాం, ప్రాసెసింగ్‌కు ఐదు వేలు వేయండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఈ పథకాల్లో ఏజెంట్లు లేరు. పీఎంఈజీపీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. చేయడం రాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. పరిమితులు అప్పుడప్పుడు మారుతుంటాయి, దరఖాస్తు రోజున అక్కడే సరిచూసుకోండి.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వచ్చేటప్పుడు డిశ్చార్జి బుక్, పీపీఓ, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, ఆధార్, చదువు సర్టిఫికెట్ ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్సులు తెచ్చుకోండి. డిశ్చార్జి బుక్‌లోనూ ఆధార్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో బయల్దేరే ముందే చూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉండి నెలల తరబడి తిరిగిన వాళ్లున్నారు. మిషన్లకు కొటేషన్ మాత్రమే తీసుకోండి. అడ్వాన్సు ఇవ్వకండి.