ఒక్కసారే వినిపిస్తారు

విదేశీ కాలేజీలో సీటు కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసే పిల్లలు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. ఆ పరీక్షలో లిజనింగ్, రీడింగ్ గురించి నాలుగు మాటలు.

లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, సుమారు అరగంట. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, చిక్కంతా అక్కడే. మొదటి భాగంలో ఇద్దరు మాట్లాడుకుంటారు, గది అద్దెకో, ఏదో క్లాసులో చేరడానికో. ఒకరు "మంగళవారం వస్తా"నంటారు. మనం రాసేస్తాం. అంతలోనే "అయ్యో, ఆ రోజు కుదరదు, గురువారం" అంటారు. అందుకే మాట పూర్తయ్యేదాకా ఆగాలి. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా చెవికి పట్టాలి. స్పెల్లింగ్ తప్పితే ఆ మార్కు పోయినట్టే.

ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ముందు ఒక్కసారే విని జవాబులు రాయండి. ఆ తర్వాత తప్పిన చోటు మళ్లీ విని, వినబడింది వినబడినట్టు రాసి, స్క్రిప్టుతో సరిచూసుకోండి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమాలు చూడటం సరదాకి బాగానే ఉంటుంది గానీ, పని చేసేది కళ్లే, చెవులు కాదు.

ఇక రీడింగ్. అకడమిక్ పరీక్షలో గంటలో 3 వ్యాసాలు, మళ్లీ 40 ప్రశ్నలు. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల దగ్గర. సిడ్నీ హార్బర్ వంతెన 1932లో తెరిచారని వ్యాసంలో ఉందనుకోండి. ప్రశ్నలో 1930 అని ఉంటే ఫాల్స్. ఖర్చు అంచనా దాటిందని ప్రశ్నలో ఉండి, వ్యాసంలో ఖర్చు ఊసే లేకపోతే నాట్ గివెన్. ఆ లెక్క మీకు ముందే తెలిసినా సరే!