జంటనాట్యమున ప్రావీణ్యము

నాట్యమనగానే మనకు మొదట వేదిక స్ఫురించును. వేదికపై నర్తకి, ప్రక్కన నట్టువాంగము, ఎదుట సభ, ఈ మూడును లేని నాట్యమును ఊహించుట మనకు కొంచెము కష్టము. కాని ప్రేక్షకుల కొరకు గాక తమ సంతోషము కొరకే జనులు ఆడుకొను నాట్యములు లోకమున అనేకము కలవు. వానిలో కొన్నింట ఇరువురు ఒకరినొకరు పట్టుకొని, ముందుగా కూర్చుకొన్న వరుస యేదియు లేకయే, వినవచ్చుచున్న సంగీతమునకు తగినట్లు అప్పటికప్పుడు అడుగులు వేయుదురు. చప్పట్లు కొట్టువారు లేరు. తీర్పు చెప్పువారు లేరు. అట్టి నాట్యమున ప్రవీణులు ఎవరు? వారిని గుర్తించుట ఎట్లు? ఈ ప్రశ్నను అర్జెంటీనా దేశపు టాంగో నాట్యమును ఆధారముగా గైకొని విచారింపవలెనని మా సంకల్పము.

టాంగో పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున రియో ద లా ప్లాటా నదీముఖమున పుట్టినది. ఆ నదీముఖమునకు ఒక దరిని అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఐరిస్, మఱియొక దరిని ఉరుగ్వే రాజధానియగు మాంటెవీడియో కలవు. ఇటలీ, స్పెయిన్ మున్నగు దేశములనుండి పొట్టకూటికై ఓడలెక్కి వచ్చినవారు, ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతివారు, ఆ నేలపైననే పుట్టిన బీదజనులు, అందఱును ఆ నగరముల పేటలలో ఇరుగుపొరుగుగా కాపురముండిరి. వారి భాషలు వేరు, పాటలు వేరు. ఆ కలయికనుండి ఈ సంగీతమును ఈ నాట్యమును ఉద్భవించినవి. జర్మనీనుండి వచ్చిన బాండోనియన్ అను వాద్యము దానికి ప్రాణమైనది. మన హార్మోనియము వలెనే అదియు తిత్తిలోని గాలితో, లోహపు నాలుకలతో పలుకును. కాని దానిని మోకాలిపై నుంచుకొని, రెండు చేతులతో సాగదీయుచు నొక్కుచు వాయింతురు. ఇంచుమించు 1935 మొదలు 1955 వఱకు గల కాలమును టాంగోకు స్వర్ణయుగమని చెప్పుట వాడుక. అర్జెంటీనా, ఉరుగ్వేలు కలసి కోరగా, 2009లో యునెస్కో సంస్థ టాంగోను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది.

టాంగో ఆడుకొను సభకు మిలోంగా అని పేరు. దాని మర్యాదలను కొంత తెలిసికొన్నగాని మన ప్రశ్నకు సమాధానము దొరకదు. అచట పాటలను మూడేసి, నాలుగేసి చొప్పున ఒక కట్టగా కట్టి వినిపింతురు. ఈ కట్టకు తాందా యని పేరు. ఒక తాందాలోని పాటలన్నియు సాధారణముగా ఒకే వాద్యబృందమువి. ఒక్కొక్క పాట సుమారు మూడు నిమిషములు. తాందా ముగియగానే మఱియొక తీరు సంగీతమును కొద్దిసేపు వినిపింతురు. దానిని కోర్తీనా, అనగా తెర, యందురు. అప్పుడు అందఱును ఎవరి స్థానమునకు వారు మరలుదురు. ఆటకు పిలుచు పద్ధతి ఇంకను చిత్రమైనది. పిలువదలచినవాడు దూరమునుండియే చూపు కలిపి, మెల్లగా తల పంకించును. ఎదుటివారికి సమ్మతమైనచో వారును తల పంకింతురు. సమ్మతము కానిచో చూపు మరల్చుకొందురు. పదిమంది ఎదుట అడిగినవానికి పరాభవము లేదు, కాదన్నవారికి సంకటము లేదు. నాలుగు పాటలును ముగియకమునుపే ఒకరు ‘కృతజ్ఞతలు’ అని పలికినచో, ఇక చాలునని అర్థము. కావున ఆ మాటను తాందా చివరవఱకు దాచుకొనవలెను.

జంటలన్నియు ఒక వలయముగా ఏర్పడి, గడియారపు ముల్లునకు ఎదురుగా, అనగా అప్రదక్షిణముగా సాగుచుండును. ఇరువురును ఒకరినొకరు కౌగిలివలె పట్టుకొందురు. మన కనులకు ఇది కొంత క్రొత్తగా తోచవచ్చును. కాని అచట ఈ పట్టు మర్యాదకు లోబడినదే. అదియే వారి భాష కూడను. మాటలు లేకయే ఒకరి ఉద్దేశము ఒకరికి తెలియుట ఆ పట్టు మూలముననే జరుగును.

ఇక విషయమునకు వత్తము. టాంగో ప్రవీణుడనగా చిత్రవిచిత్రములైన అడుగులు అనేకము తెలిసినవాడని సామాన్యముగా జనుల అభిప్రాయము. ఈ అభిప్రాయము వ్యాపించుటకు వేదికయే చాలవఱకు కారణము. 1983లో పారిస్‌లోను, 1985లో న్యూయార్క్‌లోని బ్రాడ్వేలోను ‘టాంగో అర్హెంతీనో’ అను ప్రదర్శనము జరిగినది. అది ఈ నాట్యముపై లోకమునకు మరల మక్కువ కలిగించినది. అట్టి ప్రదర్శనములను చూచినవారికి కాళ్ళ విసురులు, మెరుపు మలుపులు జ్ఞాపకముండుట సహజము. కాని వేదికపై ఒకటి రెండు జంటలకు ఉండు చోటులో మిలోంగాయందు పది జంటలు మసలవలసియుండును. బోలెయో అను కాలి విసురు వేదికపై అందమే. ఇఱుకైన సభలో, ఎత్తుమడమల జోడు తొడిగిన ఆ కాలు ప్రక్కవారి పిక్కకు తగులును. ఈ భేదమును ఆ దేశమువారును గుర్తించిరి. బ్యూనస్ ఐరిస్‌లో 2003 నుండి జరుగుచున్న ప్రపంచ టాంగో పోటీలలో వేదిక టాంగోను, సభా టాంగోను వేఱుచేసిరి. రెండవదానిలో పాటను ఎన్నుకొను హక్కు ఆడువారికి లేదు. పలు జంటలు కలసి వలయముగా ఆడవలెను. పట్టు విడువరాదు. గెంతులు కూడవు.

అయినచో ప్రావీణ్యమునకు మొదటి గుర్తు ఏది? నడక. వినుటకు ఇది అల్పముగా తోచును. కాని విచారించి చూడుడు. మనిషి బరువు ఏ పాదముపై నిలిచియున్నదో ఆ పాదము కదలదు, రెండవ పాదమే కదలగలదు. ఆటను నడపువాడు ప్రతిక్షణమును తోడివారి బరువు ఏ పాదముపై నున్నదో, క్రిందికి చూడకయే, తెలిసికొనుచుండవలెను. క్రొత్తగా నేర్చినవాడు చేతులతో లాగును, త్రోయును. ప్రవీణుడు తన ఱొమ్మును రవంత ముందునకు సాగించి ఉద్దేశమును తెలుపును, తోడివారి అడుగు పూర్తిగా నేలపై నిలుచువఱకు వేచియుండును, పిమ్మటగాని తరువాతి సూచన నీయడు. తోడివారు తాననుకొన్నట్లుగాక వేఱొక అడుగు వేసినచో, దానినే తానును కోరినట్లు స్వీకరించి అచటినుండి ఆటను సాగించును. పొరపాటు జరిగినదన్న సంగతియే వారికి తెలియదు.

రెండవ గుర్తు సంగీతజ్ఞానము. హువాన్ దారియెన్సో బృందపు వాద్యమున తాళము కొట్టవచ్చినట్లుండును. కార్లోస్ డి సార్లి వాద్యమున రాగము నిదానముగా, నునుపుగా, పెద్ద పెద్ద వాక్యములుగా సాగును. ఒస్వాల్డో పుగ్లియేసే వాద్యమున కాలగతి బిగియుచు సడలుచు, ఒక్కొక్కచోట ఊపిరి బిగబట్టినట్లు నిలిచిపోవును. ఈ ముగ్గురి పాటలకును ఒకే తీరున ఆడువాడు అడుగులు ఎన్ని నేర్చియున్నను చెవి యొగ్గి వినలేదనియే చెప్పవలెను. మన కచేరీలలో మంచి మృదంగ విద్వాంసుడు గాయకుని సంగతులను పోషించుచు, అవసరమైనచోట చేయి ఆపి మౌనముగా నుండుటయు ఎఱుగును. టాంగోయందును ఆగుట ఆటలో భాగమే. పాట నిలిచినచోట ఇరువురును కలసి నిలుచుట నాలుగు మలుపులకంటె కష్టమైన పని.

మూడవ గుర్తు పరుల యెడ శ్రద్ధ. వలయమున ముందు ఒక జంట, వెనుక ఒక జంట ఉందురు. ముందువారు ఆగినచో ఆగవలెను. వారిని దాటిపోరాదు. వెనుకవారి చోటులోనికి అడుగు వేయరాదు. నడపువాడు తోడివారి వెనుక భాగమునకు కన్ను వంటివాడు. వెనుకకు అడుగు వేయువారు ఆ భరోసాతోనే వేయుదురు. కావుననే పెక్కుమంది కన్నులు మూసికొని ఆడుదురు.

అనుసరించువారి విద్య నడపువారి విద్యకంటె తక్కువదని తలంపరాదు. అనుసరించుట యనగా చెప్పినట్లు వినుట కాదు. తన బరువును తానే మోసికొనుట, సూచన రాకమునుపే ఊహించి తొందరపడకుండుట, ప్రారంభించిన అడుగును నిండుగా ముగించుట, పాటలో తనకు వినబడిన ఒక చిన్న పలుకును పాదముతో అలంకరించుట వారి ప్రావీణ్యము. ఆ అలంకారమునకు కాలమిచ్చి వేచియుండుట నడపువాని ధర్మము. పూర్వము నడుపుట పురుషులకు, అనుసరించుట స్త్రీలకు అని ఏర్పాటు ఉండెడిది. నేడు స్త్రీలు నడుపుటయు, పురుషులు అనుసరించుటయు పెక్కుచోట్ల కానవచ్చుచున్నది.

ఈ మూడు గుర్తులును కలవారిని మంచి నర్తకులనవచ్చును. అయినను మా దృష్టిలో వీనికంటె ముఖ్యమైన నాలుగవ గుర్తు ఒకటి కలదు. ప్రవీణుడు నేర్పరితో ఆడినప్పుడుగాక, నిన్నమొన్న నేర్చినవారితో ఆడినప్పుడు అతనిని పరీక్షింపవలెను. ఆ పండ్రెండు నిమిషములు ముగిసిన పిమ్మట ఆ క్రొత్తవారు, ‘ఆయన ఎంత గొప్పగా ఆడెను’ అని గాక, ‘నేడు నేను బాగుగా ఆడితిని’ అని తలంచుకొనుచు తమ కుర్చీకి మరలినచో అతడు నిజముగా ప్రవీణుడు. అట్టివాడు వారికి తెలియని అడుగులను కోరడు. వట్టి నడకతో, రెండు మూడు మలుపులతో, పాటను విడువక ఆటను నింపును. ఆడుచుండగా తప్పులు దిద్దడు. సభలో పాఠము చెప్పుట అమర్యాదయని ఆ సంప్రదాయపు మాట.

ఈ గుణము వట్టి మర్యాద మాత్రమే కాదు. టాంగో బ్రతికి యుండుటయే దానిపై ఆధారపడినది. స్వర్ణయుగపు వృద్ధ నర్తకులు చెప్పిన వృత్తాంతముల ప్రకారము, ఆ రోజులలో యువకులు సాధనశాలలలో పెద్దలవద్ద నేర్చెడివారు. మొదట చాల నెలలు అనుసరించువారి అడుగులనే నేర్వవలసియుండెడిది. తరువాతగాని నడుపుటకు అర్హత లేదు. అందుచేత మొరటుగా లాగినచో ఎట్లుండునో, మెత్తగా నడిపినచో ఎట్లుండునో వారి దేహమునకే తెలిసెను. 1955లో సైన్యము తిరుగబడి పెరోన్ ప్రభుత్వమును కూలద్రోసినది. పిమ్మట రాజకీయపు కల్లోలములు, జనులు గుమిగూడుటపై నిర్బంధములు వచ్చినవి. రాక్ అండ్ రోల్ సంగీతము యువజనులను ఆకర్షించినది. సభలు అనేకము మూతపడినవి. దాదాపు ఒక తరమువారు టాంగోను నేర్వలేదు. ఆ సంగీతము రికార్డులలో భద్రముగనే యుండెను. కాని నాట్యము గ్రంథస్థమైన విద్య కాదు. అది వయసు మళ్ళుచున్న కొందఱి దేహములలో మాత్రమే నిలిచియుండెను.

1983లో ఆ దేశమున ప్రజాస్వామ్యము మరల నెలకొన్నది. యువజనులు మరల సభలకు వచ్చిరి. వారికి అడుగులు రావు. ఆ వృద్ధులు, ‘మాకు సమానులతోనే ఆడుదుము’ అని భీష్మించుకొని కూర్చుండియుండినచో ఏమయ్యెడిది? వారితోనే ఆ పట్టును, ఆ నడకయు గతించియుండెడివి. క్రొత్తవారిని చేరదీసి, వారి తడబాటును ఓర్చుకొని, ఒక్కొక్క తాందా ఆడిన ఆ పెద్దల చేతులనుండియే ఈ నాట్యము తరువాతి తరమునకు సంక్రమించినది.

దీనికి ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. ఏండ్ల తరబడి శ్రమించి నేర్చినవాడు తనకు సాటివారితో ఆడి ఆనందించుట తప్పా? తప్పు కాదు. చూపుతో పిలుచు మర్యాద ఏర్పడినదే ఆ స్వేచ్ఛను కాపాడుటకు. ఎవరికిని ఎవరితోడను ఆడవలెనను నిర్బంధము లేదు. కాని ఆ సభలలో గోడప్రక్కన కూర్చుండు వారును ఉందురు. ఎవరును పిలువక రాత్రియంతయు కుర్చీలో గడపుటను ఆ దేశపు వాడుకభాషలో ‘ఇస్త్రీ చేయుట’ అందురు. పేరు హాస్యముగా నున్నను అనుభవము హాస్యము కాదు. చక్కగా సింగారించుకొని వచ్చి, ఒక్కరును తన వైపు చూడక, అర్ధరాత్రి ఇంటికి మరలినవారు మఱుసటి వారము వత్తురా? రానిచో నష్టము వారికి మాత్రమే కాదు. సాటివారి కొరకు పది తాందాలు ఉంచుకొని, అట్టివారి కొరకు ఒకటి రెండు ఉంచినను సభ నిలుచును.

మన శ్రోతలలో ఈ నాట్యము ఆడినవారు మిక్కిలి అరుదుగా నుందురు. అయినను టాంగో రికార్డు ఎప్పుడైనను చెవిని బడినచో ఒక పని చేయుడు. దారియెన్సో పాట నొకదానిని, పుగ్లియేసే పాట నొకదానిని వెంటవెంట వినుడు. రెండవదానిలో సంగీతము ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టిన చోట, క్రిక్కిరిసిన సభ నడుమ ఒక వృద్ధుడును, ఆ వారమే మొదటిసారి వచ్చిన ఒక యువతియును కదలక నిలిచియుండుటను ఊహించుడు. ఆమె తడబడలేదు. ఆమె బరువు ఏ పాదముపై నున్నదో అతనికి తెలియును. తరువాతి స్వరము వచ్చువఱకు అతడు తొందరపడడు.